నేలకు ఆనుకుని పసుపు పువ్వు, తాటి మొలకలాంటి ఆకులు: ఇదేం మొక్క?

పొలంగట్టు · జూన్ 21, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మొన్న ఆదివారం పిల్లలను తీసుకుని వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు పోయినం. గుడి దగ్గర జనం ఎక్కువ ఉన్నారని పక్కకు నడిచాం. టేకు, మోదుగ చెట్లు పలచగా ఉండి, మధ్యలో గడ్డి ఉన్న చోటు. మృగశిర వానలు పడ్డాయి కదా, ఎండిన గడ్డిలోంచి పచ్చగా లేస్తోంది. అక్కడ కనపడ్డది ఈ పువ్వు. పసుపు రంగు, నక్షత్రంలా ఆరు రేకులు, అర్ధ రూపాయి బిళ్ల కంటే పెద్దగా ఉండదు. కాడ ఉన్నట్టే లేదు. ఆకుల మొదట్లో, మట్టికి ఆనుకుని పూసింది.

ఆకులు చూసి మా అత్తమ్మ ‘ఇది ఈత మొలక’ అన్నది. ఈత మొలకకు పువ్వు ఎక్కడిది? ఫోన్‌లో యాప్ పెట్టి చూస్తే రెయిన్ లిల్లీ అని చూపించింది. ఫొటోలు కింద పెట్టాను. తెలిసినవాళ్లు చెప్పగలరు.

గోదారి_అమ్మాయి · జూన్ 21, రాత్రి 9:40

యాప్ చెప్పింది కరెక్టేనేమోనండీ. మా పెరట్లో పసుపు రెయిన్ లిల్లీ ఉంది, దానికీ ఆరు రేకులే. వాన పడిన నాలుగు రోజులకి ఒక్కసారిగా పూసేస్తుంది. కడియం నర్సరీల్లో కవర్లలో అమ్ముతారు చూడండి, అదే. ఎవరో తోటలోంచి తీసి పారేస్తే అడవిలో పడి మొలిచిందేమో.

నల్లమల_నడక · జూన్ 21, రాత్రి 10:25

పొలంగట్టు అన్నా, ఫొటోలు బాగున్నాయి, కానీ అన్నీ పైనుంచే తీశావు. పసుపు రంగు, ఆరు రేకులు అంటే ఈ సీజన్‌లో తేల్చలేం. నీ దగ్గర ఇంకేమైనా ఫొటోలు ఉంటే ఇవి చూసి చెప్పు:

ఆకు మీద పొడుగునా మడతలున్నాయా, లేక నున్నగా ఉందా? ఆకు మీద, రేకుల వెనక నూగు ఉందా? అన్నిటికంటే ముఖ్యం, పువ్వు కింద కాడ మీద ఎక్కడైనా చిన్న ఉబ్బు, అంటే కాయ కాబోయే భాగం, కనిపిస్తోందా?

అమ్మాయ్ గారూ, రెయిన్ లిల్లీకి కాడ బోలుగా, నున్నగా, జానెడు ఎత్తు లేస్తుంది. పువ్వు గిన్నెలా ఉంటుంది. ఈ ఫొటోలో పువ్వు పూర్తిగా పరుచుకుని, ఆకుల మొదట్లో ఉంది. పైగా పసుపు రెయిన్ లిల్లీ మెక్సికో వైపు నుంచి తోటల కోసం వచ్చిన మొక్క.

పొలంగట్టు · జూన్ 22, ఉదయం 6:50

రాత్రి మళ్లీ జూమ్ చేసి చూశాను. ఆకుకు పొడుగునా గీతలు, మడతలు ఉన్నాయి. విసనకర్ర సగం మూసినట్టు ఉంది. వెడల్పు నా బొటనవేలంత. నూగు ఉన్నట్టే ఉంది కానీ ఫొటోలో సరిగ్గా తెలుస్తలేదు. కాడ మీద ఉబ్బు ఏమీ లేదు. సన్నటి కాడ నేరుగా ఆకుల మధ్యలోకి పోయింది.

గడ్డిపువ్వు · జూన్ 22, ఉదయం 8:05

అయితే నేలతాడి. కొందరు నేలతాటి, నల్ల ముసలి అని కూడా అంటారు. సంస్కృతంలో తాలమూలి. శాస్త్రీయ నామం కుర్కులిగో ఆర్కియాయిడెస్. మన దగ్గర సొంతంగా పెరిగే బహువార్షిక మొక్క. దక్కన్ ఎండు అడవుల్లో, చెట్లు పలచగా ఉన్న గడ్డి నేలల్లో తొలకరికి లేస్తుంది.

మీ అత్తమ్మ గారు మరీ దూరం పోలేదు. పువ్వు లేనప్పుడు దీన్ని ఈత మొలక అనుకోని వాళ్లు తక్కువ. అడవిలో చిట్టీత పక్కనే ఉంటే ఇంకా తికమక. తేడా చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది. ఈత మొలక ఆకు దళసరిగా, తోలులా ఉంటుంది, కొస గుచ్చుకుంటుంది. నేలతాడి ఆకు పలచగా, మెత్తగా ఉంటుంది, వంచితే వంగుతుంది, కొస గుచ్చుకోదు. అక్కడక్కడా పొడవాటి మెత్తని వెంట్రుకలు ఉంటాయి. ఎదిగిన చిట్టీతకైతే ఆకు ఈకలా చీలి, మట్ట మొదట్లో ముళ్లుంటాయి. నేలతాడి ఆకు ఎంత పెరిగినా చీలదు.

బోటనీ_బెంచి · జూన్ 22, మధ్యాహ్నం 1:30

అంత తొందరగా తేల్చెయ్యకండి. అదే కుటుంబంలో హైపాక్సిస్ ఆరియా అని ఇంకో మొక్క ఉంది. అదీ పసుపు నక్షత్రమే, అదీ ఆరు రేకులే, రేకుల వెనక నూగు కూడా ఉంటుంది. హెర్బేరియం షీట్లలో, అంటే మొక్కలను ఎండబెట్టి అంటించిన కాగితాల్లో, ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి మాకు ప్రాక్టికల్ ఎగ్జామ్‌లో ఇచ్చేవాళ్లు. ఎండిపోయాక పువ్వు రెండిటికీ ఒకేలా నలిగిపోతుంది. పైనుంచి తీసిన ఫొటోతో కుర్కులిగో అని రాసి ఆన్‌లైన్‌లో పెడితే తప్పుడు రికార్డు అవుతుంది.

నల్లమల_నడక · జూన్ 22, మధ్యాహ్నం 2:10

బెంచి తమ్ముడూ, అందుకే కదా ఉబ్బు గురించి అడిగింది.

హైపాక్సిస్‌కి సన్నటి నూగు కాడ నేల పైకి లేస్తుంది. దాని మీద ఒకటో రెండో పూలు. పువ్వుకు సరిగ్గా కిందే, నేలపైనే, నూగుతో చిన్న ఉబ్బు కళ్లకు కనిపిస్తుంది. అదే అండాశయం. కాయ అయ్యేదీ అక్కడే. ఆకు కూడా గడ్డి పోచలా సన్నం.

నేలతాడిలో అండాశయం పైన ఉండదు. ఆకుల మొదళ్లను కప్పిన పొరల మధ్య, మట్టి కింద దాక్కుని ఉంటుంది. మనం కాడ అనుకునేది అసలు కాడ కాదు. ఆ అండాశయం కొసే సన్నటి మెడలా సాగి, పువ్వును నేల మీదికి ఎత్తుతుంది. నేను మొదటిసారి గడ్డి చేత్తో పక్కకు తీసి, మునివేళ్లతో ఆకు పొరలు విప్పి చూశాను. పువ్వు దగ్గర దారమంత ఉన్న ‘కాడ’ మట్టి లోపలికి పోయి తెల్లటి చిన్న కాయలోకి తేలింది. అది చూశాక ఇక హైపాక్సిస్‌తో కలిపేసే సమస్యే లేదు.

బొటనవేలంత వెడల్పు మడతల ఆకు, ఉబ్బు లేని కాడ. రెండూ నేలతాడికే సరిపోతాయి.

బోటనీ_బెంచి · జూన్ 22, మధ్యాహ్నం 2:45

ఆకు వెడల్పు నేనూ ఒప్పుకుంటా. అయినా పక్కనుంచి తీసిన ఒక్క ఫొటో ఉంటే నాకు నిద్ర పడుతుంది. :)

ఒక సంగతి. పాత పుస్తకాలు చూసేవాళ్లు కంగారు పడకండి. గాంబుల్ మొదలుపెట్టిన మద్రాస్ ఫ్లోరా అనే మొక్కల పుస్తకంలో దీన్ని అమరిల్లిడేసిలో, అంటే రెయిన్ లిల్లీ ఉన్న కుటుంబంలోనే పెట్టారు. ఇప్పుడు హైపాక్సిడేసి అని విడిగా చూస్తున్నారు. కాబట్టి యాప్ కూడా పాత పుస్తకం చదివిందనుకోవచ్చు.

డాలస్_దొండపాదు · జూన్ 23, ఉదయం 5:15

ఇక్కడ టెక్సాస్ తూర్పు వైపు వసంతంలో ఇలాంటి పువ్వే చూశాను. యెల్లో స్టార్ గ్రాస్ అన్నారు. ఫొటో చూడగానే అదే అనుకున్నా. రెండూ ఒకటేనా?

గడ్డిపువ్వు · జూన్ 23, ఉదయం 7:30

దొండపాదు గారూ, కుటుంబం ఒకటే, మొక్క వేరు. మీరు చూసింది హైపాక్సిస్ హిర్సూటా అయ్యుంటుంది. ఉత్తర అమెరికా గడ్డి మైదానాల్లో, పలచటి అడవుల్లో పెరిగే అక్కడి సొంత మొక్క. పైన నల్లమల గారు చెప్పిన పరీక్షే చెయ్యండి. పువ్వు కింద నూగు ఉబ్బు నేలపైనే కనపడితే హైపాక్సిస్.

ఆకు మాత్రం మీది పోచలా సన్నంగా ఉంటుంది, మాది వెడల్పు. పువ్వులు లేని రోజుల్లో ఈ రెండిటినీ ఎవరూ చుట్టాలనుకోరు.

మూలికల_మూట · జూన్ 23, ఉదయం 9:20

పొలంగట్టు గారు అదృష్టవంతులు. నేలతాడి గడ్డ అంటే మామూలుది కాదు. మా తాతగారు పాలలో ఉడికించి, నీడలో ఎండబెట్టి, చూర్ణం చేసి నెయ్యితో ఇచ్చేవారు. నీరసానికి, మగవాళ్ల బలహీనతకు మంచి మందు. మూలికల అంగట్లో కొంటే అందులో ఏం కలిపారో తెలియదు. ఈసారి వెళ్లినప్పుడు పలుగు తీసుకెళ్లి గడ్డతో సహా తవ్వుకు రండి. ఒక జానెడు లోతు పోతుంది. పైన నల్లగా, కోస్తే లోపల తెల్లగా, జిగురుగా ఉంటే అదే అసలు నేలతాడి.

నల్లమల_నడక · జూన్ 23, ఉదయం 9:55

మూట గారూ, గడ్డ గుర్తులు సరిగ్గా చెప్పారు. తవ్వడం దగ్గర మాత్రం ఆగండి.

మొదటిది, అనంతగిరి రిజర్వ్ ఫారెస్టు. అక్కడ తవ్వితే కేసు. రెండోది, ఈ మొక్కకు ఉన్న ఆస్తి అంతా ఆ గడ్డే. ఆకులు ఎండాకాలంలో ఎలాగూ పోతాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మన అడవుల్లో నేల మంటలు ఎన్నిసార్లు పాకుతాయో మీకు తెలుసు. ఆకు కాలినా, మేక మేసినా, కింద గడ్డ ఉంది కాబట్టే వానకు మళ్లీ లేస్తుంది. ఆకు కోసుకుంటే మొక్క బతుకుతుంది, గడ్డ తీస్తే అక్కడికి సరి.

కొట్లో దొరికే గడ్డల్లో చాలావరకు ఇలా అడవిలో తవ్వినవే. పైగా కాయ మట్టిలోనే ఉంటుంది, గింజలు ఎగిరి దూరం పోయేవి కావు. ఒక చోట తవ్వేస్తే పక్క కొండ నుంచి వచ్చి మొలుస్తుందన్న నమ్మకం పెట్టుకోలేం.

మూలికల_మూట · జూన్ 23, ఉదయం 10:30

మా తాత తరంలో ఎవరూ అడవిని ఖాళీ చెయ్యలేదు సార్. అవసరానికి ఒకటో రెండో తెచ్చుకునేవారు. బస్తాల్లో నింపి లారీలకు ఎక్కించేవాళ్లను వదిలేసి ఇంటి వైద్యం చేసేవాడిని అంటే ఎలా?

అడవి_బడి · జూన్ 23, రాత్రి 8:40

నేను ఆదిలాబాద్ జిల్లాలో టీచర్‌ని. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. మా ఊళ్లో గోండు పెద్దాయన ఒకరు దీన్ని తవ్వేటప్పుడు చూశాను. పువ్వుల కాలంలో అసలు ముట్టడు. ఆకు పసుపు పచ్చగా మారే దాకా ఆగుతాడు. గడ్డను పైనుంచి రెండు వేళ్ల మందం ఉండేలా కోసి, ఆ ముక్కను ఆకు మొదలుతో సహా మళ్లీ అదే గుంటలో పెట్టి మట్టి కప్పుతాడు. కింది భాగమే తీసుకుంటాడు. ఎందుకు తాతా అంటే, “మళ్ల రావద్దా?” అన్నాడు. పొడుగు సమాధానం ఏమీ చెప్పలేదు.

కానీ బయటి నుంచి వచ్చి కిలోల లెక్కన కొనే మనుషులు ఆయన చెప్పినట్టు ఆగరు. వాళ్లకు తడి నేల కావాలి, తవ్వడం సులువు. అంటే సరిగ్గా పూలు ఉన్నప్పుడే.

మూట గారూ, ఇంకో చిన్న మాట. ఫోరం చదివి ఎవరైనా తవ్వుకొచ్చి తింటే ప్రమాదం. గుర్తుపట్టడంలో ఇక్కడే ఇన్ని తేడాలు వస్తున్నాయి కదా. మోతాదులు, శుద్ధి సంగతి వైద్యులకే వదిలేద్దాం.

గోదారి_అమ్మాయి · జూన్ 23, రాత్రి 9:15

మాస్టారూ, ఆ ముక్క మళ్లీ పెట్టడం భలే ఉందండీ. ఇంతకీ ఇది కుండీలో బతుకుతుందా? తవ్వకుండా తెచ్చుకునే మార్గం ఉందా?

గడ్డిపువ్వు · జూన్ 23, రాత్రి 10:02

ఉందండి. ఈ మొక్కలో నాకు అన్నిటికంటే నచ్చే గుణం ఇదే. ఆకు పొడుగ్గా పెరిగి, వంగి, దాని కొస తడి మట్టికి తగిలిందంటే అక్కడే వేర్లు వేసి చిన్న పిల్ల మొక్క పుడుతుంది. వానాకాలం మధ్యలో ఒక తల్లి మొక్క చుట్టూ ఇలా పిల్లలు కనిపిస్తాయి. ఆకు ముక్కలు కోసి తడి ఇసుకలో పెట్టినా పిలకలు వస్తాయి.

కాబట్టి ఎవరి సొంత పొలం గట్టునో, మామిడి తోటలోనో ఉంటే, అడిగి ఒక్క ఆకు తెచ్చుకోండి చాలు. మట్టిలో సగం ఇసుక కలపండి. నీళ్లు నిలిస్తే గడ్డ కుళ్లుతుంది. చలికాలం తర్వాత ఆకులు ఎండిపోతే చచ్చిందని పారెయ్యకండి. అది నిద్ర. వేసవి అంతా దాదాపు నీళ్లు మానేసి, తొలకరికి మళ్లీ పొయ్యండి. రోజూ నీళ్లు పోసే అలవాటున్న వాళ్ల చేతిలో ఇది బతకదు, ముందే చెబుతున్నా.

సామర్లకోట_సుబ్బు · జూన్ 24, ఉదయం 7:00

మా ఊరి పేరు వచ్చే అవకాశం ఉన్నప్పుడు ఊరుకోలేను. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బరో 1780లలో మా సామర్లకోటలోనే తోట పెట్టుకుని ఈ ప్రాంతపు మొక్కలు పరిశీలించాడు. స్థానిక చిత్రకారులతో బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795లో లండన్‌లో మొదలైంది. దాని మొదటి సంపుటంలోనే ఈ నేలతాడి బొమ్మ ఉంది. మొక్కకు ఆ శాస్త్రీయ నామం అంతకు ముందే, 1788లో, గేర్ట్‌నర్ అనే జర్మన్ పెట్టాడు. ఆయన పండ్లు, గింజలు పరిశీలించిన మనిషి. మట్టిలో దాగిన కాయ ఆయన కంట్లో పడటంలో వింతేమీ లేదు.

పొలంగట్టు · జూన్ 28, రాత్రి 8:20

మళ్లీ పోయి వచ్చినం. ఈసారి పలుగు కాదు, పాత టూత్‌బ్రష్ తీసుకుపోయిన. బెంచి తమ్ముని నిద్ర కోసం ఫొటోలు కింద పెట్టాను.

బోర్లా పడుకుని పక్కనుంచి తీశాను. కాడ పైన ఉబ్బు ఎక్కడా లేదు. బ్రష్‌తో మట్టి తుడిచి, ఆకు పొరను వేలితో కొద్దిగా తెరిస్తే, అడుగున జొన్న గింజ కంటే కొంచెం పెద్దగా తెల్లటి బొడిపె కనిపించింది. చూసి మట్టి మళ్లీ కప్పేశాను. బయటి మూడు రేకుల వెనక వెంట్రుకలు ఉన్నాయి, లోపలి మూడు కొంచెం నున్నగా ఉన్నాయి. మధ్యలో ఆరు కేసరాలు. పుప్పొడి వేలికి పసుపులా అంటింది.

ఒక మొక్కకు వరసగా పూలు వస్తున్నాయి, కానీ రోజుకు ఒకటే తెరుచుకున్నట్టు ఉంది. ఒక పువ్వు విప్పితే కింద బొడిపె సరిగ్గా లేదు. దాన్ని ఏమనుకోవాలి?

బోటనీ_బెంచి · జూన్ 28, రాత్రి 9:05

అన్నా, సూపర్. నేలతాడే, ఇక డౌట్ లేదు. ఈ ఫొటో మా లెక్చరర్‌కు పంపిస్తా, మీకు అభ్యంతరం లేకపోతే.

బొడిపె లేని పువ్వు గురించి: నేలతాడి గుత్తిలో కింద ముందుగా వచ్చే పూలు ద్విలింగ పూలు, అంటే ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. పైన తర్వాత వచ్చేవి ఎక్కువగా మగ పూలు. వాటికి కాయ కట్టే భాగం ఎదగదు. మీరు విప్పింది అలాంటిదే అయ్యుంటుంది.

పొలంగట్టు · జూన్ 28, రాత్రి 9:30

పంపించు తమ్ముడు, ఏం పర్వాలేదు. కానీ ఒక బాధ ఉంది. ఆ గడ్డి నేల చివర మొక్కలు నాటడానికి వరసగా గుంతలు తవ్వి పెట్టారు. ఒక గుంత పక్కన తీసి పోసిన మట్టిలో నల్లటి గడ్డ ముక్క కనిపించింది. ‘ఇక్కడ చెట్లు లేవు, ఖాళీ జాగా’ అన్నాడు అక్కడ పనిచేస్తున్న ఆయన.

అడవి_బడి · జూన్ 28, రాత్రి 10:10

ఇది మీ ఒక్క చోటి గొడవ కాదు. హైదరాబాద్ జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసే బంజరు భూముల అట్లాసులో తుప్పల నేలలు కూడా బంజరు కిందే వస్తాయి. కాగితం మీద బంజరు అని పడ్డాక అక్కడ చెట్టు నాటితే పుణ్యం అనే లెక్క. నేలతాడికి కొంచెం నీడ ఫర్వాలేదు, పలచటి అడవిలో హాయిగా ఉంటుంది. కానీ దగ్గర దగ్గరగా చెట్లు నాటి గడ్డిని చంపేస్తే దానితో పాటు విష్ణుక్రాంత, రత్నపురుష లాంటివన్నీ పోతాయి. గుంతలు తవ్వేవాళ్లను అని లాభం లేదు, కూలికి వచ్చినవాళ్లు వాళ్లు. ఫొటోలు, మొక్కల జాబితా చేతిలో పెట్టుకుని స్థానిక అటవీ అధికారులను కలవండి. పువ్వులున్నప్పుడే కలవండి. పూలు అయిపోయాక పోతే చూపించడానికి ఆకులు తప్ప ఏమీ ఉండవు.

పొలంగట్టు · జూన్ 28, రాత్రి 10:25

సరే మాస్టారు. సోమవారం సెలవు పెట్టి పోతా. జాబితా రాయడానికి ఇక్కడ ఎవరైనా తోడు వస్తే మంచిది.

నల్లమల_నడక · జూన్ 28, రాత్రి 10:40

నేను వస్తా అన్నా. నంబర్ మెసేజ్‌లో పంపుతా, ఇక్కడ పెట్టకు.

ఇంకోటి. మొక్కలు, జంతువులు ఎక్కడ కనపడ్డాయో నమోదు చేసే వెబ్‌సైట్లు ఉన్నాయి కదా, ఫొటోలు ఐనాచురలిస్ట్‌లోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో ఎక్కించు. అయితే సరిగ్గా ఏ చోటో అందరికీ కనపడకుండా లొకేషన్ మరుగున పెట్టే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కు. తవ్వేవాళ్లు కూడా ఇంటర్నెట్ చూస్తారు.

గోదారి_అమ్మాయి · జూన్ 29, ఉదయం 6:35

పొలంగట్టు గారూ, మీ మూడో ఫొటోలో వెనకాల మసకగా తెల్లటి పూల గెల నిలబడి ఉంది. అదేమిటండీ? దానికీ ఇలాంటి ఆకులే ఉన్నాయి కదా.

గడ్డిపువ్వు · జూన్ 29, ఉదయం 7:10

అది క్లోరోఫైటం ట్యూబరోసం కావచ్చు. దుంపల కోసం దాన్నీ తెల్ల ముసలి పేరుతో తవ్వుతారు. ఆకులు నున్నగా, అంచులు కొంచెం అలలుగా ఉంటాయి, మడతలు ఉండవు. పూల కాడ నిటారుగా లేస్తుంది. ఫోకస్ లేదు కాబట్టి గట్టిగా చెప్పలేను. సోమవారం ఎలాగూ వెళ్తున్నారు కదా, దాన్ని కూడా పక్కనుంచి ఒక ఫొటో తీసుకురండి.

మోడరేటర్ · జూన్ 29, ఉదయం 9:00

శీర్షికకు ‘నేలతాడి – గుర్తించబడింది’ అని చేర్చాను. మొదటి పోస్టు ఫొటోల్లో ఉన్న లొకేషన్ సమాచారం తీసేశాను. మోతాదుల గురించి వచ్చిన మరో పోస్టు తొలగించాను, మూట గారు అర్థం చేసుకోగలరు. తెల్ల పువ్వుకు వేరే చర్చ మొదలుపెట్టండి.

మూలికల_మూట · జూన్ 29, ఉదయం 9:45

తొలగించండి, ఫర్వాలేదు. పొలంగట్టు గారూ, సోమవారం జాబితాకి నన్నూ కలుపుకోండి. ఆకు చూసి పేరు చెప్పడం నాకు బాగానే వచ్చు. పలుగు ఇంట్లోనే వదిలి వస్తా.